పెరటి పొయ్యికి సముద్రపు గాలి తిప్పలు

చెన్నై సముద్రతీరంలోని తిరువాన్మియూరులో మా పెరట్లో వేపుళ్లకీ చేపల పులుసుకీ వేరే వంటగట్టు కట్టించాం. మధ్యాహ్నం తూర్పుగాలి తిరిగితే చాలు, నూనె కాగేలోపే మంట మూకుడు కింద నుంచి పక్కకి వాలిపోయేది. ఆ వైపు గట్టు మీద రెండడుగుల గోడ లేపించాక కుదురుకుంది. ఉప్పుగాలికి అరల తలుపులు గోధుమరంగు మచ్చలు తేలాయి. మామూలు 304 రకం స్టీలు తీసేసి, ఉప్పుకి ఎక్కువ తట్టుకునేలా మాలిబ్డినం అనే లోహం కలిసే 316 రకం స్టీలు వేయించాను. ఖరీదెక్కువే, పైగా మంచినీళ్లతో తుడవడం తప్పదు.

సిలిండర్ అరకి మేస్త్రీ పైన ఒక్కచోటే జాలీ పెడతానన్నాడు. నేను ఒప్పుకోలేదు. వంటగ్యాసు గాలికన్నా బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది. నేలకి ఆనించి ఇంకో జాలీ పెట్టించాను. ఇక అక్టోబరు వానల్లోపు పైరేకు కాస్త ముందుకి సాగదీయించాలి.