బొమ్మ కుదరట్లేదా? చేతి సంగతి తర్వాత, ముందు చూపు సంగతి

బొమ్మ చెడితే మనవాళ్లు ముందు పెన్సిల్ మారుస్తారు, తర్వాత పేపర్ మారుస్తారు, అప్పటికీ కుదరకపోతే యూట్యూబ్‌లో ఇంకో గురువుగారిని వెతుక్కుంటారు. నిజానికి సంతకం ఎప్పుడూ ఒకేలా పెట్టగలిగే ఎవరి చేతికైనా బొమ్మకు కావలసినంత అదుపు ఉంది. తేడా వచ్చేది గీసేటప్పుడు కన్ను ఎక్కడుంది, అక్కడ ఎంతసేపు నిలిచింది అన్న దగ్గర. ఎదురుగా ఉన్నదాన్ని చూసి గీసేవాళ్లకు మాటిమాటికీ ఎదురయ్యే ఇబ్బందులు, వాటి మూలాలు, విరుగుళ్లు ఇక్కడ రాస్తున్నాను. ఈమధ్య వేసిన బొమ్మలు నాలుగైదు నేల మీద పరుచుకుని చదవండి. ఏది మీ రోగమో మీకే తెలిసిపోతుంది.

సమస్య: ఏ చెట్టు వేసినా ఒకటే చెట్టు అవుతోంది

వేప ముందు కూర్చుని వేసినా, చింత ముందు నిలబడి వేసినా కాగితం మీదికొచ్చేది ఒకటే: కింద బోదె, పైన గుండ్రటి గుబురు. ఎద్దును వేస్తే అది ఏ జాతిదో తెలియదు. మనుషుల ముఖాలన్నింటికీ ఒకే పోలిక.

కారణం: "చెట్టు" అని పేరు తట్టగానే బుర్ర తన పని అయిపోయిందనుకుంటుంది. దైనందిన జీవితానికి అంత చాలు. దారికి అడ్డంగా నిలబడ్డది ఎద్దు అని తెలిస్తే పక్కకు తప్పుకుంటాం. దాని గంగడోలు ఎన్ని మడతలు పడిందో, మూపురం ఏ పక్కకు వాలిందో మనకెందుకు? బొమ్మకు మాత్రం సరిగ్గా అక్కడే పని మొదలవుతుంది. పేరు తట్టాక చూడటం ఆపేసి, చిన్నప్పుడు పలక మీద నేర్చుకున్న గుర్తునే మళ్లీ దించుతాం.

ఇది నేర్చుకునేవాళ్ల జబ్బే అనుకోకండి. జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1503లో ఒక గడ్డిపెళ్లను నీటిరంగుల్లో వేశాడు. ఎవరూ కన్నెత్తి చూడని పిచ్చి గడ్డి, దాని వేళ్లకంటిన మట్టితో సహా. అందులో ఏ మొక్క ఏదో వృక్షశాస్త్రం చదివినవాళ్లు ఇవాళ్టికీ పోల్చి చెప్పగలరు. అదే డ్యూరర్ 1515లో ఖడ్గమృగాన్ని చెక్కముద్రగా చేశాడు. ఆ జంతువు మన దేశం నుంచే, గుజరాత్ సుల్తాను కానుకగా, ఓడెక్కి పోర్చుగల్‌లోని లిస్బన్ చేరింది. డ్యూరర్ దాన్ని కళ్లతో చూడలేదు. ఎవరో పంపిన వర్ణన, ఒక స్కెచ్ ఆధారంగా న్యూరెంబర్గ్‌లో కూర్చుని వేశాడు. ఒంటి నిండా ఇనుప కవచంలాంటి పలకలు, మెడ వెనక లేని రెండో కొమ్ము ఒకటి. ఆ తప్పుల బొమ్మనే యూరప్ రెండు శతాబ్దాలకు పైగా పుస్తకాల్లో కాపీ కొట్టుకుంది. రెండు బొమ్మలకూ చెయ్యి ఒకటే. గడ్డి ముందు కూర్చున్నాడు, ఖడ్గమృగం ముందు కూర్చోలేదు.

విరుగుడు: చెట్టు ముందు కూర్చున్నాక అయిదు నిమిషాలు పెన్సిల్ ముట్టుకోవద్దు. ఆ చెట్టునే ప్రశ్నలడగండి. మొదటి కొమ్మ నేలకు ఎంత ఎత్తులో చీలింది? కొమ్మలు పైకి లేచాయా, బరువుకు వంగాయా? గుబురు అంచు ఎలా ఉంది? చింతాకు సన్నది కాబట్టి అంచు ఆకాశంలోకి మెత్తగా కలిసిపోతుంది. రావి ఆకుకు తొడిమ పొడవు, చిన్న గాలికే ఊగుతుంది, వెలుగు ముక్కలు ముక్కలుగా పడుతుంది. తుమ్మలో ఆకు కంటే ముందు కొమ్మల అల్లికే కనిపిస్తుంది. ఇవేవీ నన్ను నమ్మి వేయకండి, వెళ్లి చూసి వేయండి.

రెండోది, చెట్టును వదిలేసి సందులు గీయండి. రెండు కొమ్మల మధ్య కనిపించే ఆకాశపు ముక్కకు పేరు లేదు. పేరు లేదు కాబట్టి బుర్ర దగ్గర దాని గుర్తు కూడా లేదు, చూడక తప్పదు. చెట్టుతో మొదలుపెట్టడం కష్టమనిపిస్తే ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీ చాలు. దాని కాళ్ల మధ్య, చేతుల కింద, వీపు దగ్గరి చీలికల్లో కనిపించే ఖాళీలను మాత్రమే ఒక్కొక్కటిగా వేసుకుంటూ పోండి. ఖాళీలన్నీ కుదిరాక కుర్చీ దానంతటదే నిలబడి ఉంటుంది.

కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఊళ్లో పెద్దవాళ్లెవరికైనా బొమ్మ చూపించి "ఇదేం చెట్టు?" అనడగండి. "చెట్టేగా" అంటే మళ్లీ వెళ్లండి. "తుమ్మలా ఉందే" అంటే గట్టెక్కినట్టే.

సమస్య: కొలతలు తప్పుతున్నాయి

ఇది మూడు రకాలుగా వస్తుంది, మూడింటికీ కారణాలు వేరు. అన్నిటికీ కలిపి "నాకు ప్రపోర్షన్ రాదు" అనుకోవడం వల్లే ఏదీ తగ్గదు.

కళ్లు నుదుటి దాకా ఎక్కి, తల పైభాగం కోసేసినట్టు వస్తోందా? మన ధ్యాసంతా కళ్లూ ముక్కూ నోటి మీద ఉంటుంది. కబుర్లన్నీ అక్కడే కదా. నుదురూ మాడూ మనకు ఏమీ చెప్పవు కాబట్టి వాటికి చోటివ్వం. పెద్దవాళ్లలో కళ్లు దాదాపు తల ఎత్తుకు సగంలో ఉంటాయి. నమ్మకం లేకపోతే అద్దం ముందు నిలబడి పెన్సిల్‌తో కొలుచుకోండి.

దూరంగా ఉన్నవి కూడా పెద్దవిగా పడుతున్నాయా? అది బుర్ర చేసే సర్దుబాటు. ఒక అరచేతిని చాచి, రెండోదాన్ని అందులో సగం దూరంలో పట్టుకుని చూడండి. రెండూ ఇంచుమించు ఒకే సైజులో ఉన్నట్టుంటుంది. ఇప్పుడు ఒక కన్ను మూసి, దగ్గరి చేతిని మెల్లగా రెండోదాని మీదికి జరపండి. దూరపు చెయ్యి ఎంత చిన్నదో అప్పుడు బయటపడుతుంది. అందుకే బొమ్మ వేసేవాళ్లు చెయ్యి బారజాపి, మోచెయ్యి వంచకుండా, ఒక కన్ను మూసి పెన్సిల్ మీద బొటనవేలితో కొలుస్తారు. అది సినిమాల్లో చూపించే స్టైల్ కాదు. మోచెయ్యి కాస్త వంగినా కొలత మారిపోతుంది. నిలువు గీతలు వాలుతుంటే దారానికి చిన్న రాయి కట్టి ఎదురుగా వేలాడదీయండి. నిలబడ్డ మనిషి గొంతు గుంటకు సూటిగా కింద ఏ పాదం పడిందో ఆ దారమే చెబుతుంది.

బొమ్మంతా పొడుగ్గా సాగిపోతోందా? ఇది చూపు తప్పు కూడా కాదు, కాగితం ఉన్న తీరు తప్పు. బల్ల మీద పరిచిన కాగితపు పైభాగం మన కంటికి దూరంగా, కుదించుకుపోయి కనిపిస్తుంది. కూర్చున్న చోట నుంచి సరిగ్గా ఉన్నట్టుండి, పైకెత్తి చూస్తే సాగి ఉంటుంది. పరీక్షల అట్టకు కాగితం క్లిప్ చేసి, ఒడిలో ఏటవాలుగా నిలబెట్టుకుంటే చాలు. పనిలో పనిగా మధ్యమధ్యలో బొమ్మను అద్దంలో చూడండి, తలకిందులు చేసి చూడండి. అలవాటు పడ్డ కన్ను మాఫీ చేసిన తప్పులన్నీ అక్కడ దొరుకుతాయి.

సమస్య: మనుషులు కొయ్యబారిపోతున్నారు

టీకొట్టు దగ్గర నిలబడి వేస్తే టీ మాస్టర్ బొమ్మలో ప్రాణం ఉండదు. సగం వేసేసరికి ఆయన తిరిగిపోతాడు, మిగతా సగం కల్పించి వేస్తాం.

కారణం, తలతో మొదలుపెట్టి అంచు గీత వెంట కిందికి దిగడం. పాదాల దాకా వచ్చేసరికి పై సగం ఒక క్షణానిది, కింది సగం ఇంకో క్షణానిది అవుతుంది.

చేతిపని చేసే ఎవరైనా ఒకే కదలికను తిప్పి తిప్పి చేస్తారు. టీ ఎత్తి పోసే చెయ్యి మళ్లీ అక్కడికే వస్తుంది. ఇస్త్రీ చేసే మనిషి మళ్లీ అలాగే వంగుతాడు. రైతు బజారులో తూకం వేసే ఆమె తక్కెడ పట్టుకున్న చెయ్యి కూడా అంతే. ముందు కాసేపు ఊరికే చూసి ఆ వరస పట్టుకోండి. తర్వాత ఒకే పేజీలో నాలుగు చోట్ల నాలుగు భంగిమలు మొదలుపెట్టి, ఆయన ఏ భంగిమకు వస్తే దాని దగ్గరికి మీరు వెళ్లండి. మొదటి గీత ఎప్పుడూ బరువుది కావాలి: ఏ కాలు మీద నిలబడ్డాడు, నడుము ఎటు ఒరిగింది, దానికి ఎదురుగా భుజం ఎటు దిగింది. ముక్కూ మీసం ఎక్కడికీ పోవు.

దాటిపోయే మనిషి అయితే చూసి, కళ్లు మూసుకుని, లోపల ఒకసారి నిలబెట్టుకుని, అప్పుడు వేయండి. 19వ శతాబ్దంలో పారిస్‌లో లెకోక్ ద బ్వాబోద్రాన్ అనే మాస్టారు విద్యార్థులకు ఈ జ్ఞాపకపు సాధననే ప్రత్యేకంగా నేర్పేవాడు. శిల్పి రోడాన్ ఆయన దగ్గర చదువుకున్నవాడే. మన దేశంలో చిత్రకారుడు నందలాల్ బోస్ చిన్న చిన్న కార్డుల మీద కనిపించినదల్లా వేసుకునేవాడు. జేబులో పట్టే కార్డుకు ఒక సుగుణం ఉంది: వివరాలు వేయడానికి చోటుండదు, భంగిమ ఒక్కటే పడుతుంది.

సమస్య: ఫోటో చూసి వేస్తే చప్పగా ఉంటోంది

ఫోన్ మెయిన్ కెమెరా లెన్సు వెడల్పాటి దృశ్యం పట్టేది. దగ్గర నుంచి తీస్తే ముక్కు పెరిగి చెవులు వెనక్కి పోతాయి. నీడల్ని అదే ఎత్తి, వెలుగును అదే దించి అంతా సమం చేసేస్తుంది. పైగా దానికి ఇష్టాయిష్టాలు లేవు. ఫ్రేములో పడ్డ కరెంటు తీగకూ గుడి గోపురానికీ ఒకే మర్యాద. ఎంచుకోవడం మీరు చేయాల్సిన పని, ఫోటో చూసి వేసేటప్పుడు ఆ పని ఎవరూ చేయలేదు.

ఫోటో మానేయమని అనను, ఆఖర్న తీయండి. ముందు అక్కడే అరచేతంత స్కెచ్ వేసి, పక్కన మాటల్లో రాసుకోండి: టైమెంత, ఎండ ఎటు నుంచి, గాలి ఉందా, గోడ నీడలో ఏ రంగు పలికింది. ఇంగ్లిష్ చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ 1821, 1822లలో లండన్ పక్కనున్న హాంప్‌స్టెడ్ దగ్గర మబ్బుల్ని పదుల సంఖ్యలో వేసి, చాలావాటి వెనక తేదీ, వేళ, గాలి తీరు రాసి పెట్టాడు. ఇంటికొచ్చాక ఫోటో చెప్పలేని సంగతులు ఆ నాలుగు ముక్కలే చెబుతాయి.

సమస్య: పచ్చదంతా ఒకే పచ్చ, నీడంతా నలుపు

మళ్లీ పేరు గొడవే. ఆకు పచ్చన, నీడ నల్లన అని తెలిసిపోయింది కాబట్టి ఇక చూడం. ఎండ ఆకును దాటి వస్తే పసుపు కలిసిన పచ్చ, ఆకు మీద పడి తిరిగొస్తే నీలం కలిసిన బూడిద. నిర్మలమైన ఆకాశం కింద సున్నం వేసిన గోడ మీద పడ్డ నీడలో నీలి ఛాయ ఉంటుంది, ఎర్రమట్టి పక్కనైతే కింది అంచున ఎరుపు పాకుతుంది.

బూడిద రంగు అట్టముక్కకు దగ్గర దగ్గరగా రెండు చిన్న రంధ్రాలు చేసి, ఒకదాంట్లోంచి దగ్గరి చెట్టును, రెండోదాంట్లోంచి దూరపు చెట్టును చూడండి. అది చెట్టన్న సంగతి మరుగున పడి రంగు మాత్రమే మిగులుతుంది. ఏది ముదురు, ఏది లేత అన్నది తేలకపోతే కళ్లు సగం మూసి చూడండి.

ఇంకొకటి. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. రెండు గంటలు కూర్చుని నీడల వెంట పరుగెడితే బొమ్మలో ఇద్దరు సూర్యులుంటారు. మొదటి పది నిమిషాల్లో నీడల హద్దులు గీసేసి, ఆ తర్వాత అవి జరిగినా మీరు జరగకండి. ఫ్రెంచ్ చిత్రకారుడు క్లోడ్ మోనే గడ్డివాముల వరస వేసినప్పుడు (1890–91) వెలుగు మారగానే ఆ కాన్వాసు పక్కన పెట్టి, ఆ వెలుగుకు సరిపడే ఇంకోటి అందుకునేవాడు. మనకు స్కెచ్‌బుక్కులో ఇంకో పేజీ ఉంది.

సమస్య: కూర్చుంటాను గానీ మనసు నిలవదు

నాకు వినిపించే ఫిర్యాదుల్లో ఎక్కువ ఇదే. కారణం ఏకాగ్రత లేకపోవడమని చాలామంది తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. గీస్తున్న పేజీ ఎవరికి చూపించాలి, ఇన్‌స్టాలో పెట్టొచ్చా లేదా అన్న లెక్క మొదటి గీత దగ్గరే మొదలైపోతుంది. కన్ను ఎదురుగా ఉన్నదాని మీద కాక కాగితం భవిష్యత్తు మీద ఉంటుంది.

కాగితం వైపు చూడకుండా గీయడం దీనికి మంచి మందు. మీ ఎడమచెయ్యే నమూనా. చూపును బొటనవేలి అంచున పెట్టి, అక్కడి నుంచి చీమ నడకలో ముందుకు జరపండి, పెన్సిల్ కూడా అదే వేగంతో కదలాలి. మడతొస్తే మడతలోకి వెళ్లండి. పది నిమిషాలు కాగితం చూడొద్దు. చివరికి తేలేది వికారంగానే ఉంటుంది, ఎవరికీ చూపించలేరు, అదే దాని ప్రయోజనం. మూడు నాలుగు నిమిషాలయ్యేసరికి "చూడ్డానికి ఇంకేముంది" అని విసుగొస్తుంది. లేవకండి. తెలిసినవి అయిపోయాయని ఆ విసుగుకు అర్థం. గోటి పక్క చర్మం ముడత, వేలి కణుపు మీది మెరుపు ఆ తర్వాతే కనిపిస్తాయి.

మనసు చెదరడానికి బయటి కారణం ఒకటుంది. మన ఊళ్లలో పుస్తకం తెరిచి నాలుగు గీతలు గీస్తే "ఏం రాస్తన్నారు సార్, భూముల సర్వేనా?" అని వస్తారు. వీపు గోడకు ఆనించి కూర్చోండి, వెనక నుంచి తొంగిచూసే వీలుండదు. పిల్లలు మూగితే ఒక కాగితం చింపి వాళ్లకూ ఇవ్వండి, ఎవరి పనిలో వాళ్లు పడతారు. ఎవరినైనా దగ్గర నుంచి వేస్తుంటే, ముఖ్యంగా ఆడవాళ్లను, ముందు అడగడం మర్యాద.

సమస్య: అన్నీ చూశాను, అన్నీ వేశాను, అయినా ఏమీ లేదు

అన్నీ వేయడమే ఇక్కడి చిక్కు. మొదలుపెట్టే ముందు పేజీ మూలన ఒక్క వాక్యం రాయండి, ఎందుకు ఆగారో. "మెట్ల మీద ఆరేసిన చీర నీళ్లలో కనబడుతోంది" అని రాస్తే రేవులోని పడవలన్నీ రెండు గీతలతో సరిపెట్టేయొచ్చు.

ఇవన్నీ చేసినా తేడా రాకపోతే

కళ్లు పరీక్ష చేయించుకోండి. నలభై దాటి చత్వారం వచ్చినవాళ్లు చదువుకునే అద్దాలు పెట్టుకుని గీస్తే కాగితం స్పష్టంగా, ఎదురుగా ఉన్నది మసకగా ఉంటుంది. అద్దాలు తీస్తే తారుమారు. తీస్తూ పెడుతూ విసిగి, తెలియకుండానే తలెత్తడం మానేసి ఊహించి వేస్తుంటారు. దూరానికీ దగ్గరికీ కలిపి ఉండే బైఫోకల్ అద్దాలు ఈ పనికి బాగా సరిపోతాయి. పైనుంచి ఎదురు చూడొచ్చు, కింది నుంచి కాగితం చూడొచ్చు. ఎరుపూ పచ్చా ఎప్పుడూ కలగాపులగమవుతుంటే అది పుట్టుకతో వచ్చిన రంగుల తేడా కావచ్చు, మగవాళ్లలో ఎక్కువ. కంటి డాక్టరు దగ్గర చుక్కల అట్టలతో కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది. ఉందని తేలితే రంగు ట్యూబుల మీది పేర్లు చదివి వాడండి, ముదురు లేతల మీద పని చేయండి, బొగ్గు, ఇండియన్ ఇంకు ఎటూ ఉన్నాయి.