ఇరవై విండోలు, ఒక్క స్క్రీను: మా జిరాక్స్ షాపులో పనికొచ్చిన కీలు

మద్దిలపాలెంలో మా జిరాక్స్ షాపు ఎంత ఇరుకంటే, ఇద్దరు లోపలికొస్తే మూడో మనిషి మెట్టు మీదే నిలబడాలి. కౌంటర్ మీద మౌస్ తిప్పడానికి జానెడు జాగా ఉండదు. ఒక పక్క స్టాప్లర్, స్పైరల్ బైండింగ్ కాయిల్స్. ఇంకో పక్క ఎవరో మర్చిపోయి వెళ్ళిన ఆధార్ కార్డు, నా టీ గ్లాసు. మే నెలలో విశాఖ ఉక్కపోత సంగతి తెలిసిందే కదా, చెమట చేతిలోంచి మౌస్ జారిపోతుంటుంది.

నాలుగేళ్ళ క్రితం ఒక అప్లికేషన్‌కి ఆఖరి తేదీ రోజున, ఎనిమిది మంది ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) పిల్లలు వరసలో ఉండగా, మౌస్ ఎడమ బటన్ చచ్చిపోయింది. అప్పటికి నాకు వచ్చినవి రెండే రెండు కీలు: కంట్రోల్ + సి, కంట్రోల్ + వి. ట్యాబ్ కీ కొట్టుకుంటూ, ఎంటర్ కొట్టుకుంటూ ఎలాగో ఒక్క ఫారం పూర్తి చేసేసరికి ముప్పావు గంట పట్టింది. మిగతా ఏడుగురూ పక్క వీధికి వెళ్ళిపోయారు. ఆ రాత్రి కొత్త మౌస్ కొన్నాను, కానీ మర్నాటి నుంచి కీబోర్డు నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఇప్పుడు పెందుర్తి నుంచి వచ్చే అమ్మాయి ఒకతె కొత్తగా పనిలో చేరింది. ఆమెకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. అన్నీ విండోస్ కంప్యూటర్‌కి సంబంధించినవి, మా షాపులో ఉన్నవి అవే.

ముందు పేర్ల గొడవ ఒకటి తేల్చుకోవాలి. "ట్యాబ్ కొట్టు" అన్నాననుకోండి, "ఏ ట్యాబక్కా?" అంటుంది ఆ అమ్మాయి. న్యాయమే. కీబోర్డు మీద క్యాప్స్ లాక్ పైన ఉండేదీ ట్యాబే, క్రోమ్‌లో పైన వరసగా తెరుచుకునేవీ ట్యాబులే, వాళ్ళ తమ్ముడు చేతిలో పట్టుకుని బొమ్మలు చూసేదీ ట్యాబే. అందుకే ఇక్కడ కీని "ట్యాబ్ కీ" అంటాను, బ్రౌజర్‌లో ఉండేదాన్ని ఊరికే "ట్యాబ్" అంటాను.

అందరికీ తెలిసిన కీతోనే మొదలుపెడదాం: ఆల్ట్ + ట్యాబ్ కీ. తెలిసినదే గానీ సగం మంది దాన్ని తప్పుగా వాడతారు. "అక్కా, ఎన్నిసార్లు కొట్టినా ఆ రెండు విండోల మధ్యే తిరుగుతోంది, మూడోదానికి పోవట్లేదు" అని ఆ పెందుర్తి అమ్మాయి మొదటి రోజే ఫిర్యాదు చేసింది. ఎందుకంటే కొట్టిన ప్రతిసారీ ఆల్ట్‌ని కూడా వదిలేస్తోంది. ఎడమ బొటనవేలితో ఆల్ట్‌ని నొక్కి అలాగే పట్టుకోవాలి. తెరిచి ఉన్న విండోలన్నీ చిన్న చిన్న బొమ్మలుగా వరసలో కనిపిస్తాయి. పట్టు వదలకుండా ట్యాబ్ కీని మాత్రం ఒక్కోసారి తట్టాలి, తట్టినకొద్దీ ముందుకు జరుగుతుంది. కావలసినది వచ్చాక ఆల్ట్ వదిలితే అది తెరుచుకుంటుంది. దాటి ముందుకు పోతే షిఫ్ట్ కూడా కలిపి ట్యాబ్ కీ కొడితే వెనక్కి వస్తుంది. బాణం కీలతో కూడా జరగొచ్చు. ఏదీ వద్దనుకుంటే ఎస్కేప్.

ఆల్ట్ పట్టుకోవడం కష్టమైతే, వేళ్ళ నొప్పులున్న వాళ్ళకి మరీనూ, కంట్రోల్ + ఆల్ట్ + ట్యాబ్ కీ కొట్టి మూడూ వదిలేయండి. ఆ వరస స్క్రీన్ మీద అలాగే నిలబడి ఉంటుంది. బాణాలతో తీరిగ్గా ఎంచుకుని ఎంటర్ కొట్టొచ్చు.

ఇంతకీ ఆ వరస ఏ లెక్కన వస్తుందో తెలిస్తే సగం తికమక పోతుంది. సిటీ బస్సు ఫుట్‌బోర్డు చూడండి. ఆఖర్న ఎక్కినవాడు తలుపు దగ్గరే ఉంటాడు, ముందు దిగేదీ వాడే. ఆల్ట్ + ట్యాబ్ కీ అచ్చం అంతే. మీరు ఇప్పుడే చూసి వదిలినది మొదట, అంతకు ముందు చూసినది తరవాత, పొద్దున్నెప్పుడో తెరిచి మర్చిపోయినది ఎక్కడో వెనక సీట్లో. కాబట్టి ఆ వరస క్షణక్షణం మారుతుంది. "వర్డ్ ఎప్పుడూ మూడోదే" అని గుర్తుపెట్టుకుంటే మోసపోతారు.

నేను మోసపోయాను కూడా. ఒక అమ్మాయికి ఒక్క పేజీ హాల్ టికెట్ ప్రింట్ ఇవ్వాలి. అంతకుముందు ఒకబ్బాయి ప్రాజెక్టు రిపోర్టు తెరిచి ఉంది. కస్టమర్‌తో మాట్లాడుతూ అలవాటు కొద్దీ ఆల్ట్ పట్టుకుని రెండుసార్లు తట్టి, స్క్రీన్ వైపు చూడకుండానే కంట్రోల్ + పి, ఎంటర్. మెషీన్ లోపల కాగితాలు పరుగులు పెడుతుంటే అనుమానమొచ్చింది. ఆపేలోపు 64 పేజీలు బయటికి వచ్చేశాయి. ఆ అబ్బాయికి అవి అక్కర్లేదు, ఇంకా గైడ్ సంతకం కాలేదట. అప్పటినుంచి కంట్రోల్ + పి కొట్టేముందు విండో పై అంచున ఉన్న ఫైలు పేరు పెదవులు కదిపి మరీ చదువుతాను. చూసేవాళ్ళు ఏదో మంత్రం జపిస్తోందనుకుంటారు, అనుకోనీ.

రెండు విండోల మధ్య అటూ ఇటూ చూసి టైప్ చేసుకోవడానికి ఆల్ట్ + ట్యాబ్ కీని మించింది లేదు. స్కాన్ చేసిన మార్కుల లిస్టు ఒక పక్క, ఫారం ఒక పక్క ఉంటే ఒక్కసారి తడితే అటు, మళ్ళీ తడితే ఇటు. కానీ ఐదారు ప్రోగ్రాములు నడుస్తుంటే నాకు కావలసింది ఫుట్‌బోర్డు కాదు, రత్నాచల్ రైల్లో రిజర్వేషన్ సీటు. బోగీ ఎంత కిక్కిరిసినా మన సీటు నంబర్ మారదు. ఆ పని చేసేది కిటికీ బొమ్మ ఉండే విండోస్ కీ + అంకె.

స్క్రీన్ అడుగున ఉండే పట్టీ, అదే టాస్క్‌బార్‌లో పిన్ చేసిన (ఎప్పుడూ అక్కడే ఉండేలా పెట్టుకున్న) ప్రోగ్రాముల బొమ్మలు ఎడమ నుంచి ఒకటి, రెండు, మూడు అని లెక్క. స్టార్ట్ బటన్‌నీ, వెతుకులాట పెట్టెనీ లెక్కలోకి తీసుకోకూడదు, వాటి తరవాత నుంచి మొదలు. మా షాపులో ఒకటి ఫోల్డర్లు, రెండు క్రోమ్, మూడు వర్డ్, నాలుగు పీడీఎఫ్, ఐదు ఎక్సెల్. విండోస్ కీ + 3 కొడితే వర్డ్ ముందుకొస్తుంది, తెరిచి లేకపోతే అదే తెరుచుకుంటుంది. వర్డ్‌లో నాలుగు ఫైళ్ళుంటే విండోస్ కీ పట్టుకునే ఉండి 3ని మళ్ళీ మళ్ళీ తట్టండి, ఒక్కోటీ వస్తుంది. అంకెలు కీబోర్డు పై వరసలోవే వాడాలి. బొమ్మల స్థానం మార్చాలంటే మౌస్‌తో పట్టుకుని ఇటు నుంచి అటు లాగితే సరి. ఒకసారి అమర్చుకున్నాక ఇక మార్చకండి. మా ఆయన ఒక ఆదివారం షాపులో కూర్చుని "బాగుంటుందని" వాటిని రంగుల ప్రకారం సర్దాడు. సోమవారం పొద్దున్నంతా నేను వర్డ్ అడిగితే ఎక్సెల్ వచ్చింది.

ఇక బ్రౌజర్. కంట్రోల్ + ట్యాబ్ కీ కుడివైపు ట్యాబ్‌కి తీసుకెళ్తుంది, షిఫ్ట్ కలిపితే ఎడమవైపుకి. క్రోమ్‌లో ఇది ఫుట్‌బోర్డు లెక్క కాదు, ట్యాబులు కూర్చున్న వరసే. ఆఖరిదాకా వెళ్ళాక మళ్ళీ మొదటికి వస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో మాత్రం సెట్టింగ్స్‌లో ఒక టిక్కు ఉంటుంది. అది పెట్టి ఉంటే ఇటీవల చూసిన వరసలో తిరుగుతుంది. వేరేవాళ్ళ కంప్యూటర్ ముందు కూర్చుని "ఇదేంటి పిచ్చిగా దూకుతోంది" అనిపిస్తే కారణం అదే. కంట్రోల్ + పేజ్ డౌన్, కంట్రోల్ + పేజ్ అప్ కూడా ట్యాబులు మారుస్తాయి. ఎక్సెల్‌లో అవే కీలు షీట్లు మారుస్తాయి. ఒకటి నేర్చుకుంటే రెండోది ఉచితం.

నేను ఎక్కువగా వాడేది కంట్రోల్ + అంకె. 1 నుంచి 8 దాకా ఎడమ నుంచి ఆ నంబర్ ట్యాబ్. 9 మాత్రం తొమ్మిదోది కాదు, ఎన్ని ఉన్నా ఆఖరిది. నా మొదటి ట్యాబ్ వాట్సాప్ వెబ్, రెండోది షాపు మెయిల్. ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేసి పిన్ చేస్తే అవి చిన్న బొమ్మలుగా ఎడమ చివర కదలకుండా కూర్చుంటాయి. "అక్కా, పంపేశా" అని మెట్టు మీంచి ఎవరైనా కేకేస్తే కంట్రోల్ + 1, ఫైలు దించుకుంటాను. కొత్తగా తెరిచిన ట్యాబ్ సాధారణంగా ఆఖర్నే ఉంటుంది కాబట్టి కంట్రోల్ + 9 కొడితే కస్టమర్ పని దగ్గరికి తిరిగొస్తాను.

ట్యాబులు ఇరవై దాటి పేర్లు కనపడనంత సన్నబడితే కంట్రోల్ + షిఫ్ట్ + ఎ. క్రోమ్‌లో వెతుకులాట పెట్టె తెరుచుకుంటుంది. కరెంటు బిల్లు పేజీ కావాలంటే దాని పేరులో నాలుగక్షరాలు కొట్టి ఎంటర్. ఫైర్‌ఫాక్స్‌లో అదే కీ ఇంకేదో తెరుస్తుంది. అక్కడ అడ్రస్ బార్‌లో శాతం గుర్తు వేసి, ఒక ఖాళీ ఇచ్చి పేరు టైప్ చేయాలి.

మూసేవాటి గురించి భయం ఉండాలి. కంట్రోల్ + డబ్ల్యూ ట్యాబ్‌ని మూస్తుంది. పొరపాటున మూసేస్తే కంట్రోల్ + షిఫ్ట్ + టి కొడితే మళ్ళీ వస్తుంది. పేజీ అయితే వస్తుంది గానీ సగం నింపిన ఫారంలోని వివరాలు రాకపోవచ్చు. డబ్ల్యూ పక్కనే క్యూ ఉంటుంది, ట్యాబ్ కీ కూడా ఆ దగ్గరలోనే ఉంటుంది. హడావుడిలో వేలు జారేది అక్కడే.

ఈ కంట్రోల్ + షిఫ్ట్ + టి గురించి షాపు నడిపేవాళ్ళకి ఇంకో మాట చెప్పాలి. అది మీరు మూసినది తెస్తుంది సరే, మీ ముందు కూర్చున్నవాళ్ళు మూసినది కూడా తెస్తుంది. డాక్‌యార్డ్‌లో రిటైరైన పెద్దాయన ఒకరు బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రింట్ తీసుకుని వెళ్ళారు. తరవాత వచ్చిన కుర్రాడు ఏదో కొట్టగానే ఆ పేజీ మళ్ళీ లేచి కూర్చుంది. లాగౌట్ చేసి ఉండడం మంచిదైంది. నాకు మాత్రం ఒళ్ళంతా చెమటలు పట్టాయి. అప్పటినుంచి కస్టమర్ల పని ఏదైనా కంట్రోల్ + షిఫ్ట్ + ఎన్ కొట్టి, చూసిన పేజీల జాడ బ్రౌజర్‌లో దాచుకోని ఇన్‌కాగ్నిటో విండోలోనే చేస్తాను. ఫైర్‌ఫాక్స్‌లో అయితే ఎన్ బదులు పి. పని అయ్యాక ఆల్ట్ + ఎఫ్4తో ఆ విండో మొత్తం మూస్తే అందులోని ట్యాబులు తిరిగి రావు. దించుకున్న పీడీఎఫ్ మాత్రం డౌన్‌లోడ్స్‌లో ఉండిపోతుంది. దాన్ని వేరే చెరిపేయాలి.

నవంబరులో పింఛనుదారుల లైఫ్ సర్టిఫికెట్ల రద్దీ. వెనక నిలబడ్డవాళ్ళంతా ఓపిగ్గా నా స్క్రీన్ చదువుతుంటారు, వేరే కాలక్షేపం ఏముంది పాపం. అలాంటప్పుడు విండోస్ కీ + డి కొడితే అన్నీ కిందికి దిగి డెస్క్‌టాప్ ఒక్కటే కనిపిస్తుంది, మళ్ళీ కొడితే తిరిగొస్తాయి. లోపలికి వెళ్ళాల్సొస్తే విండోస్ కీ + ఎల్, లాక్ పడుతుంది.

ఒకరి పని నడుస్తుండగా మధ్యలో ఇంకొకరి పెళ్ళికార్డు ముందుకొస్తే నేను రెండో డెస్క్‌టాప్ తెరుస్తాను: కంట్రోల్ + విండోస్ కీ + డి. ఖాళీ బల్ల ఇచ్చినట్టే ఉంటుంది. కంట్రోల్ + విండోస్ కీ పట్టుకుని ఎడమ, కుడి బాణాలతో రెంటి మధ్యా తిరగొచ్చు. పనిలో చేరిన అమ్మాయికి ఇది ఇంకా నేర్పలేదు. ఎక్కడ ఏది పెట్టిందో మర్చిపోయి "ఫైలు ఎల్లిపోనాదక్కా" అంటుందని భయం.

తెలుగులో టైప్ చేసేవాళ్ళకి ఒక ప్రత్యేకమైన గుంట ఉంది, దీని గురించి ఎవరూ చెప్పరు. ఆల్ట్ + షిఫ్ట్ + ట్యాబ్ కీ కొట్టి వెనక్కి వెళ్ళబోయి, ట్యాబ్ కీ తగలకుండానే ఆల్ట్, షిఫ్ట్ వదిలారనుకోండి, విండోస్ భాష మార్చేస్తుంది. ఎడమ ఆల్ట్ + షిఫ్ట్‌కి ఆ పని కూడా ఉంది. మీరు చూసుకోరు. ఈమెయిల్ అడ్రస్ కొడుతుంటే తెలుగు ఒత్తులు పడతాయి. పాస్‌వర్డ్ పెట్టెలో అయితే చుక్కలే కాబట్టి అదీ కనపడదు, "తప్పు పాస్‌వర్డ్" అని మూడుసార్లు వచ్చి కస్టమర్ టెన్షన్ పడిపోతాడు. విండోస్ కీ + స్పేస్ కొట్టి ఇంగ్లిష్‌కి రండి. ఇది పదే పదే అవుతుంటే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్‌కి వెళ్ళి, భాష మార్చే హాట్ కీలలో ఆల్ట్ + షిఫ్ట్‌ని తీసేయండి. నేను తీసేశాను.

ఆల్ట్ + ట్యాబ్ కీ వరసలో విండోలతో పాటు ఎడ్జ్ బ్రౌజర్ ట్యాబులు కూడా వచ్చి చికాకు పెడుతుంటే అదే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో మల్టీటాస్కింగ్. ట్యాబులు చూపించొద్దని ఎంచుకోవచ్చు. ఎవరైనా పిల్లలు మ్యాక్ (యాపిల్ కంప్యూటర్) పట్టుకొస్తే అక్కడ ఆల్ట్ బదులు కమాండ్. కమాండ్ + ట్యాబ్ కీ ప్రోగ్రాములను మారుస్తుంది తప్ప ఒకే ప్రోగ్రాములోని విండోలను మార్చదు. వాటికి కమాండ్‌తో పాటు ట్యాబ్ కీ పైనుండే చిన్న వాలుగీత కీ.

రాత్రి తొమ్మిదిన్నరకి ఒక్కోటీ ఆల్ట్ + ఎఫ్4తో మూస్తూ వస్తాను, సేవ్ చేయనిది ఉంటే అదే అడుగుతుంది. అన్నీ అయిపోయి డెస్క్‌టాప్ మిగిలాక అదే కీ ఇంకోసారి కొడితే షట్‌డౌన్ పెట్టె వస్తుంది. ఎంటర్ కొట్టి, టీ గ్లాసు కడిగి, షట్టర్ దించుతాను.