పాత చిత్రాన్ని సాక్ష్యంగా చదవడం – నాలుగవ పాఠం: కేటో వీధి అటక

గత పాఠంలో లండన్ కేటో వీధి గుర్రపుశాల మీది గడ్డి అటక చిత్రాన్ని చూసి దాని నేలపటం గీయమని అడిగాను. పటాలు శ్రద్ధగానే గీశారు. అయితే చాలామంది చిత్రంలో కనిపించిన గోడను, దూలాన్ని, కత్తిని, మనుషుల సంఖ్యను ఒకే తూకంతో నమ్మి పటంలోకి ఎక్కించారు. ఈ అలవాటు ఇక్కడే తొలగకపోతే ముందుకు సాగడంలో అర్థం లేదు కనుక, ఈసారి చెప్పదలచుకున్న వీధి పటాల సంగతిని వాయిదా వేస్తున్నాను.

కుట్ర కథ మీకు తెలిసినదే. 1820 ఫిబ్రవరి 23 రాత్రి ఆర్థర్ థిసిల్‌వుడ్, అతని అనుచరులు ఆ అటకపై ఆయుధాలు సిద్ధం చేసుకుంటున్నారు. గ్రోవ్‌నర్ స్క్వేర్‌లోని లార్డ్ హారోబీ ఇంట విందుకు చేరే బ్రిటిష్ మంత్రులందరినీ చంపడం వారి పథకం. ప్రభుత్వ వేగు జార్జ్ ఎడ్వర్డ్స్ వారి మధ్యనే ఉన్నాడు, విందు వార్త కేవలం ఎర. బో వీధి పోలీసు అధికారులు నిచ్చెన ఎక్కి పైకి రాగా, వారిలో రిచర్డ్ స్మిథర్స్ థిసిల్‌వుడ్ కత్తిపోటుకు మరణించాడు.

మనం చూసిన చిత్రం జార్జ్ క్రుక్‌షాంక్ గీయగా 1820 మార్చి 9న వెలువడినది. దాని కింది రాతలో రెండు వేర్వేరు హామీలు ఉన్నాయి. అటక లోపలి భాగాన్ని ఆ స్థలంలోనే ఉన్నదున్నట్లు గీశామన్నది ఒకటి. స్మిథర్స్ పొడుపుకు గురైన ఘట్టాన్ని రూత్వెన్ గారి (నిచ్చెన ముందుగా ఎక్కిన బో వీధి అధికారి) వర్ణనను అనుసరించి చూపామన్నది రెండవది. చాలామంది మొదటి హామీని తీసుకొని రెండవదానికి కూడా అతికించారు. ఆ స్థలంలో గీసినది గదినే తప్ప పోరాటాన్ని కాదు. గది తరువాత కూడా అక్కడే ఉంది కనుక ఎవరైనా వెళ్లి చూసి గీయగలరు, ఆ ఘట్టం మాత్రం ఆ రాత్రితోనే ముగిసిపోయింది. కాబట్టి కప్పు వాలు, గోడ, పక్క చిన్న గది ద్వారం ఒక రకం సాక్ష్యమైతే, ఎత్తిన కత్తి, కూలుతున్న మనిషి, చుట్టూ గుమిగూడినవారు వేరొక రకం సాక్ష్యం.

ఇంతకంటే లోతైన ఉచ్చు మరొకటి ఉంది. న్యాయస్థానంలో రూత్వెన్ చెప్పిన మాటలు చిత్రంతో సరిపోలుతున్నాయి కనుక ఘట్టం రుజువైందని కొందరు రాశారు. ఈ వాదం నాకు ఎంతమాత్రం అంగీకారం కాదు. చిత్రం మార్చిలో వచ్చింది, థిసిల్‌వుడ్ విచారణ ఏప్రిల్ 17న మొదలైంది. రెండింటికీ మూలం ఒకే రూత్వెన్. ఒకే మనిషి మార్చిలో ఒక చిత్రకారుడి చేతి ద్వారా, ఏప్రిల్‌లో తన నోటి ద్వారా మాట్లాడితే సాక్షులు ఇద్దరు కారు. అవి సరిపోలడం వలన రూత్వెన్ మాట మార్చలేదని తెలుస్తుంది, అంతకు మించి ఏమీ తెలియదు. అటకపై తాను 24 లేక 25 మందిని చూశానని ఆయన చెప్పాడు. చిత్రంలోని తలలను లెక్కపెట్టి ఆ సంఖ్యను సరిచూడడం వ్యర్థం, ఎందుకంటే చిత్రకారుడు చట్రంలో ఇమిడినంతమందినే గీస్తాడు. వెలుతురు సంగతీ అంతే. స్మిథర్స్ పడిపోగానే కొవ్వొత్తులు ఆర్పివేశారని సాక్ష్యం. ఆ తరువాతి క్షణాలను స్పష్టంగా చూసినవారు లేరు కనుక, వాటిని వెలుగులో చూపే ఏ చిత్రాన్నైనా ఊహగానే లెక్కించండి.

నా పద్ధతి ఇది. ముందు చిత్రం కింది రాత చదువుతాను, ఆ తరువాత మనుషుల బొమ్మలను కాగితం ముక్కలతో కప్పి ఖాళీ గదిని మాత్రమే చూస్తాను. నేలపటంలో కట్టడానికి నిండు గీతలు, వర్ణన నుంచి వచ్చినవాటికి చుక్కల గీతలు వాడతాను. రంగులు వాడేవారిని వద్దనను గాని, నకలు తీస్తే రంగుల భేదం పోతుంది, చుక్కలు నిలుస్తాయి. రాగిరేకుపై చెక్కిన బొమ్మ అచ్చులో కుడిఎడమలు మారవచ్చని రెండవ పాఠంలోనే చెప్పాను. బయటి దృశ్యాల కోసం తరువాతి కాలపు పటాలు వెతికేటప్పుడు ఆ వీధి పేరు కొంతకాలం హొరేస్ వీధిగా ఉండేదని గుర్తుంచుకోండి. ఆ కట్టడం నేటికీ నిలిచి ఉంది.

అభ్యాసం ఈసారి కాస్త కష్టమైనదే. నిచ్చెనపై రూత్వెన్ వెనుకనే ఎక్కిన అధికారి జేమ్స్ ఎల్లిస్. లండన్‌లోని ఓల్డ్ బెయిలీ న్యాయస్థానపు విచారణ ప్రతిలో ఆయన సాక్ష్యాన్ని మాత్రమే చదివి, క్రుక్‌షాంక్ చిత్రం వైపు చూడకుండా, నిచ్చెన పైభాగం నుంచి చిన్న గది ద్వారం వరకు పటం గీయండి. తరువాత చిత్రాన్ని తెరిచి, మీ పటంలోని ప్రతి గీత పక్కన అది ఎల్లిస్ మాటలోదా, చిత్రంలోని కట్టడంలోదా, రెండింటిలోనూ ఉన్నదా అని రాయండి. మూడింటిలో ఏ గుర్తూ పెట్టలేని గీతలను చెరిపివేయకండి. వాటిని వేరే కాగితంపైకి ఎత్తి, ఎక్కడి నుంచి వచ్చాయో ఒక్కొక్క వాక్యంలో వివరించి పంపండి.