వానాకాలంలో కోనసీమకు సైకిలు మీద వెళ్లేవారికి

రాజమహేంద్రవరం నుంచి అంతర్వేది దాకా వానల్లో సైకిలు యాత్ర అనుకోగానే అందరూ అడిగేది గుంతల గురించే. గుంత కనిపిస్తుంది, తప్పుకోవచ్చు. డెల్టాలో మనిషిని నిలబెట్టేసేది ఒండ్రుమట్టి. తడిస్తే జిగురెక్కి టైరును పట్టుకుంటుంది, దారిలోని గడ్డిని, ఎండుటాకులను కూడా చుట్టుకుంటుంది. మడ్‌గార్డు కింద సందు పూడిపోయాక చక్రం తిరగదు. అప్పుడు పట్టుదలకు పోయి తొక్కకండి. గేర్ల సైకిలైతే వెనక గేరు వంగి చువ్వల్లో పడుతుంది, ఆ విడిభాగం పల్లెటూరి సైకిలు షాపులో దొరకడం కష్టం. దిగి, వెదురు బద్దతో మట్టి గీకి, గట్టు పక్కన గడ్డి మీదుగా నడిపించుకు వెళ్లండి. ఆ బద్ద హ్యాండిలుకే కట్టి ఉంచుకోవాలి, సంచి అడుగున ఉంటే లేనట్టే. ముందు రోజే మడ్‌గార్డులు విప్పేస్తే ఇంకా మంచిది. వీపు మీద బురద చారలు పడతాయి, పడనివ్వండి.

పుంత దారులు (చేల మధ్య మట్టి బండిదారులు), కాలువగట్లు ఫోను మ్యాపులో దగ్గరిదారులుగా కనిపిస్తాయి. వాన వెలిసిన వెంటనే వాటి జోలికి వెళ్లకండి. మంచి ఎండ కాసి మట్టి గట్టిపడేదాకా తారురోడ్డే దగ్గరిదారి. గట్టు మీద తప్పనిసరైతే కాలువ అంచుకు దూరంగా, సీటు కాస్త దించుకుని, ముందు బ్రేకు ముట్టుకోకుండా వెళ్లాలి. టైర్లలో గాలి కొంచెం తగ్గిస్తే పట్టు దొరుకుతుంది. తారెక్కాక మళ్లీ కొట్టుకోవడానికి పంపు ఉండాలి.

తారురోడ్డు కూడా పూర్తిగా నమ్మదగ్గది కాదు. నాట్ల రోజుల్లో దమ్ము ట్రాక్టర్లు (నీరు పెట్టిన చేను బురదగా దున్నేవి) చేలోంచి రోడ్డెక్కినచోట పలచటి బురద పొర పరుచుకుంటుంది. లోతు బురద కంటే అదే ఎక్కువమందిని పడేస్తుందని నా అభిప్రాయం. దాని మీద మలుపు తిప్పకండి, బ్రేకు వేయకండి, నిటారుగా దాటేయండి. రిమ్ము బ్రేకులు (చక్రం అంచును నొక్కి ఆపేవి) తడిస్తే ఆలస్యంగా పట్టుకుంటాయి, చాలా ముందే నొక్కడం మొదలుపెట్టాలి.

ఇక వరద. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది జారీ చేస్తారు. మొదటిది వచ్చిందంటేనే లంకల (నది మధ్య దీవుల) దారులు, నీటిపాయల మీది ఎత్తు తక్కువ కాజ్‌వేలు మానుకోండి. మోకాలి లోతు కూడా లేదు కదా అని పారే నీటిలోకి సైకిలుతో దిగడం తెలివితక్కువ పని, కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో పైకి తెలియదు. నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య మనుషుల్ని, బళ్లను గోదావరి దాటించే పంటు కూడా వరదకు ఆగిపోతుంది. ఆ రోజు చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాల్సిందే. కాబట్టి బస దొరికే ఊళ్లను ముందే చూసుకోండి. ముంపు రోజుల్లో పాములు గట్లెక్కుతాయి, చీకటి పడ్డాక గడ్డిలో అడుగు పెట్టకండి. కాటు పడితే కోయడం, పీల్చడం వద్దు, కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

సాయంత్రం బస చేరగానే, బురద ఎండకముందే, బకెట్టు నీళ్లతో సైకిలు కడగండి. ఇరుసుల్లోకి గొట్టంతో నీరు చిమ్మొద్దు. చైను గుడ్డతో తుడిచి, తడి ఆరాకే నూనె వేయండి. తడి మీద వేసిన నూనె నిలవదు.