జట్టుతో మాట – 4వ పాఠం: "సమజైందా?" అని అడగొద్దు

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? మీ టీమ్‌తో మాట్లాడేటప్పుడు రోజుకు ఎన్నిసార్లు "అర్థమైందా?" అంటున్నారో గీతలు పెట్టుకోమన్నాను. నేను పెట్టుకున్న రోజున మధ్యాహ్నం భోజనాల వేళకే 17 గీతలు వచ్చాయి.

ఆ ప్రశ్నకు వచ్చే జవాబు మాత్రం ఒకటే: "అయింది సార్." నలుగురి ముందు కాలేదని చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది?

నా సంగతే చెప్తాను. అప్పట్లో బాలానగర్‌లో ఒక గోడౌన్‌లో డిస్పాచ్ చూసేవాణ్ణి. లోడింగ్ వాళ్లలో సగం మంది ఉర్దూ మాట్లాడేవాళ్లు. ఒక సాయంత్రం ఇంటికి బయల్దేరుతూ "కల్ వాలీ లిస్ట్ లోడ్ కర్ దో, సమఝ్ గయే?" అన్నాను. అంటే "కల్ లిస్టు సరుకు ఎక్కించండి, అర్థమైందా?" అని. "హా భాయ్" అన్నారు. పొద్దున వచ్చి చూస్తే, నేను ఆ మాట చెప్పడానికి ముందు రోజే పంపేసిన లిస్టు ప్రకారమే సరుకంతా మళ్లీ బండెక్కి ఉంది. కల్ అంటే రేపు, కల్ అంటే నిన్న కూడా! హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన నాకు ఆ సంగతి తెలీదా? తెలుసు. నా బుర్రలో "రేపు" ఉంది కాబట్టి రెండో అర్థం తట్టలేదు, అంతే. దింపి మళ్లీ ఎక్కించేసరికి రెండు గంటలు పట్టింది. తిట్లు వాళ్లు తిన్నారు, న్యాయంగా తినాల్సింది నేను.

ఈసారి నేర్చుకునేది అదే: మనం చెప్పింది విన్నవాళ్ల నోట తిరిగి చెప్పించుకోవడం. అడిగే తీరులోనే ఉంది కిటుకంతా. "నేనేం చెప్పానో చెప్పు" అంటే బళ్లో పాఠం అప్పజెప్పమన్నట్టు ఉంటుంది. మనకంటే పెద్దవాళ్లయితే మనసు కష్టపెట్టుకుంటారు. "అన్నా, నేను గడబిడగా చెప్పేసిన. ముందు ఏ పని ఎత్తుకుంటవ్?" అనండి. మన మాటలు కాదు, వాళ్లు చేయబోయే పని బయటికి రావాలి. మాటలదేముంది, చిలక కూడా చెప్తుంది.

కోచ్‌లకు ఇది ఇంకా కష్టం, టైమ్ ఉండదు. బ్యాడ్మింటన్‌లో 21 పాయింట్ల గేమ్ అయితే, ఒకరు 11కు చేరగానే దొరికే విరామం 60 సెకన్లే. గేమ్‌కూ గేమ్‌కూ మధ్య 120. గచ్చిబౌలి చుట్టుపక్కల పిల్లల టోర్నమెంట్లకు వెళ్లి చూడండి. ఆ నిమిషంలో ఆరు సలహాలు ఇచ్చే కోచ్‌లు కనిపిస్తారు. పిల్ల నీళ్లు తాగుతూ తలూపుతుంది, కోర్టులోకి వెళ్లి పాత ఆటే ఆడుతుంది. ముందు ఊపిరి తీసుకోనివ్వండి. తర్వాత ఒక్క మాట చెప్పండి: "బ్యాక్‌హ్యాండ్ మూలకు లోతుగా వెయ్." చివర్లో "ఇప్పుడేం చేస్తవ్ బిడ్డా?" అని అడగండి.

తిరిగి చెప్పించుకుంటే సరిపోదు, అది వినాలి కూడా. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరీఫ్ దీవి విమానాశ్రయంలో రెండు బోయింగ్ 747లు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. డచ్ విమానం పైలట్లు తమకు వచ్చిన సూచనను తిరిగి చెప్పారు. కానీ చివర్లో, టేకాఫ్ దగ్గర ఉన్నామో, టేకాఫ్ అవుతున్నామో తేలని మాట ఒకటి కలిపారు. విమానాలకు అనుమతులిచ్చే కంట్రోలర్ "ఓకే" అన్నాడు. ఆగమని వెంటనే చెప్పిన మాట రేడియో గోలలో సరిగా వినపడలేదు. ఆ తర్వాత టేకాఫ్ అనే మాటను అసలు అనుమతి ఇచ్చేటప్పుడో, రద్దు చేసేటప్పుడో తప్ప వాడకూడదన్న నియమం వచ్చింది. మన గోడౌన్‌కు అంత ప్రమాదం లేకపోవచ్చు గానీ, ఆ లిస్టు పొరపాటు జరిగిన రోజు నుంచి నేను "కల్" మానేసి తేదీ చెప్తున్నాను.

ఈ వారం పని: రోజుకు మూడుసార్లు, "అర్థమైందా?" నోటిదాకా వచ్చినప్పుడు మింగేసి, "ముందు ఏ పని ఎత్తుకుంటవ్?" అని అడగండి. వాళ్లు చెప్పినదానికీ మీరనుకున్నదానికీ ఎక్కడ తేడా వచ్చిందో ఆ ఒక్క ముక్క రాసిపెట్టుకోండి. 5వ పాఠం ఆ కాగితం ముందు పెట్టుకునే మొదలుపెడదాం.