కోళ్లను ఆవరణలోకి వదిలే ముందు చుట్టూ మొక్కలు చూసుకోండి

కంచె లోపలే కాదు, బయట రెండు మూడు అడుగుల మేర, పైన వాలిన కొమ్మల కింద కూడా తిరిగి చూడాలి.

మొదట గన్నేరు. ఆకు, పువ్వు, వేరు అన్నీ విషమే, నేరుగా గుండె మీద పనిచేస్తుంది. ఎండినా విషం పోదు. కొమ్మలు కత్తిరిస్తే ఒక్క ఆకూ మిగలకుండా ఏరేయండి. కాల్చకండి, ఆ పొగా మంచిది కాదు.

ఆముదం చెట్టు దూరంగానే ఉందిలే అనుకోవద్దు. ముదిరిన కాయ ఎండకు టప్పున పగిలి గింజల్ని దూరంగా చిమ్ముతుంది. కాయలు పచ్చిగా ఉండగానే గెల కోసేయాలి. కుండీలకు ఎరువుగా వేసే ఆముదం పిండి కూడా కోళ్లకు అందకూడదు: నూనె తీశాక విషం పిండిలోనే మిగులుతుంది.

గురివింద తీగ ఉంటే కింద రాలిన ఎర్ర గింజలు ఏరాలి. పెంకు పగిలితేనే విషం బయటికొస్తుంది నిజమే, కానీ కోడి కందనకాయ పనే రాళ్లతో నూరడం కదా.

ఉమ్మెత్త, కసింద: పూతకు రాకముందే వేళ్లతో పీకేయండి. కసింద గింజలు దాణాలో కలిస్తే కండరాలు దెబ్బతిని కోడి నిలబడలేదు. జొన్నలు బయట కొంటే చాటలో చెరిగి చూసుకోండి.

వదిలే రోజు, బయటికి వదిలే ముందే కడుపునిండా దాణా వేయండి. మేత దొరికే కోడి చేదు ఆకును సాధారణంగా ముట్టదు. ఆకలితో బోడి నేల మీద తిరిగేదే ముడుతుంది. తోటకూరో మునగాకో ఒక కట్ట వేలాడదీయండి.

ఏ కోడైనా మెడ వాల్చేస్తే, అనుమానమున్న ఆకును సంచిలో వేసుకుని పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి.