కొత్త కారు దారిలో ఆగిపోతోందా? ఎప్పుడు ఆగిందో ముందు రాసిపెట్టుకోండి

కారు కొని అప్పటికి 14 నెలలు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ చౌటుప్పల్ దాటాక బంకులో ట్యాంక్ ఫుల్ చేయించాను. బయటికొచ్చి హైవే ఎక్కుతుండగా ఇంజిన్ టక్కున ఆగిపోయింది. వెనక లారీ హారన్ కొడుతోంది, వెనక సీట్లో అమ్మా పిల్లలూ ఉన్నారు. సెల్ఫ్ కొడితే మూడోసారికి అందుకుంది. ఆ తర్వాత విజయవాడ దాకా ఏ ఇబ్బందీ లేదు.

సర్వీస్ సెంటర్‌లో రెండుసార్లు చూపించాను. రెండుసార్లూ ఒకటే మాట: "స్కానర్‌లో ఏమీ రాలేదు సార్, బండి బాగానే ఉంది." పాత బండి అయితే ఏదో ఒకటి అరిగిపోయిందనుకుంటాం. కొత్త బండి ఆగితే మాత్రం దాని మీద నమ్మకమే పోతుంది. ఊరెళ్లాలంటే టెన్షన్. చివరికి లోపం దొరికింది గానీ పట్టిచ్చింది బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్ కాదు, నేను డాష్‌బోర్డ్‌లో పెట్టుకున్న చిన్న నోట్‌బుక్. కొత్త కార్లలో ఈ సమస్య వచ్చి పోతుంటుంది. మెకానిక్ దగ్గరికి వెళ్లేసరికి బండి బుద్ధిగా నడుస్తుంది. అందుకే అది ఎలాంటి సమయంలో ఆగుతోందో మనమే పట్టుకోవాలి.

నడుస్తుండగా ఆగితే ఆ నిమిషంలో

ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కవచ్చు. తిరగదని కాదు, బలంగా తిప్పాలి. బ్రేక్ తేలిగ్గా పడేలా సాయపడే బూస్టర్‌లో ఒకటి రెండుసార్లు నొక్కడానికి సరిపడా శక్తే మిగులుతుంది. కాబట్టి పెడల్‌ని పదేపదే పంప్ చేయకుండా ఒక్కసారి గట్టిగా, నిలకడగా నొక్కి ఉంచండి. నాలుగు ఇండికేటర్లూ వేసి, న్యూట్రల్‌లోకి తెచ్చి ఎడమ పక్కకు తీయండి. బండి కదులుతుండగా తాళం బయటికి లాగొద్దు, స్టీరింగ్ లాక్ పడుతుంది. ఆగాక అందరినీ దింపి రెయిలింగ్ అవతల నిలబెట్టండి. జాతీయ రహదారి మీదైతే హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి.

సిగ్నల్ దగ్గర ఆగి, క్లచ్ నొక్కగానే స్టార్ట్ అవుతోంది

ఇది లోపం కాకపోవచ్చు. ఇప్పటి చాలా కార్లలో పెట్రోలు ఆదా కోసం ఐడిల్ స్టార్ట్ స్టాప్ ఉంటుంది. మీటర్‌లో గుండ్రటి బాణం మధ్య ఇంగ్లిష్ 'A' అక్షరం వెలిగితే ఇంజిన్‌ని ఆపింది బండే. బటన్ నొక్కి ఆఫ్ చేసి రెండు రోజులు నడపండి. అప్పుడూ ఆగితేనే మిగతాది చదవండి.

ఆగిన ప్రతిసారీ రాయాల్సినవి

తేదీ, కిలోమీటర్లు, ట్యాంక్‌లో ఎంత ఉంది, పెట్రోలు ఎప్పుడు పోయించారు, ఇంజిన్ వేడిగా ఉందా చల్లగా ఉందా, ఏసీ ఆన్‌లో ఉందా, ఎంత స్పీడు, ఆగే ముందు జర్క్ ఇచ్చిందా లేక ఒక్కసారిగా ఆగిందా, మళ్లీ ఎంతసేపటికి స్టార్ట్ అయింది. మీటర్‌లో ఏ లైట్లు వెలిగాయో ఫొటో తీయండి. ఇలా మూడు నాలుగు సార్లు రాస్తే కారణం దాదాపు దానంతటదే కనిపిస్తుంది.

పెట్రోలు పోయించిన వెంటనే ఆగుతోంది

నా నోట్‌బుక్‌లో తేలింది ఇదే. ఆగింది నాలుగుసార్లు, నాలుగూ బంకు నుంచి బయటికొచ్చిన ఐదు నిమిషాల్లోపే. పెట్రోలు కల్తీ అన్నారు. కానీ నాలుగూ వేర్వేరు బంకులు, పైగా ఐదు నిమిషాలయ్యాక అదే పెట్రోలుతో బండి హాయిగా నడుస్తోంది. పెట్రోల్లో నీళ్లుంటే అలా సర్దుకోదు.

ట్యాంక్‌లో పుట్టే పెట్రోలు ఆవిరి గాల్లోకి పోకుండా బొగ్గు నింపిన ఒక డబ్బాలో నిలవ ఉంటుంది. దాన్ని క్యానిస్టర్ అంటారు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు పర్జ్ వాల్వ్ అనే చిన్న భాగం తెరుచుకుని ఆ ఆవిరిని కొంచెం కొంచెంగా ఇంజిన్‌లోకి వదులుతుంది. ఆ వాల్వ్ తెరుచుకునే ఉండిపోతే, ట్యాంక్ నింపినప్పుడు తోసుకొచ్చిన ఆవిరంతా ఒక్కసారిగా ఇంజిన్‌లోకి వెళ్తుంది. గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ అవుతుంది. ఇంజిన్ వణికి ఆగిపోతుంది, సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సి వస్తుంది.

పరీక్ష సులువు. ఇంజిన్ ఆపి, చల్లారాక వాల్వ్ తీసి కరెంటు ఇవ్వకుండా దాన్లోంచి గాలి పంపితే పోకూడదు. పోతే వాల్వ్ పోయినట్టే. నా బండికి అదే జరిగింది, వారంటీలో మార్చారు. మెకానిక్ ఇంకో మాట కూడా చెప్పాడు. నాజిల్ టక్కుమని ఆగాక కూడా రౌండ్ ఫిగర్ కోసం ఇంకాస్త పోయించే అలవాటు చాలామందికి ఉంది. అలా చేస్తే క్యానిస్టర్‌లోకి ఆవిరి బదులు పెట్రోలే వెళ్లి బొగ్గు పాడవుతుంది, ఆ పొడి వాల్వ్‌లో ఇరుక్కుంటుంది. అప్పట్నుంచి నాజిల్ ఆగిన చోటే ఆపిస్తున్నాను.

అరగంట నడిపాక ఆగి, చల్లారాక స్టార్ట్ అవుతోంది

జర్క్ లేకుండా, స్విచ్ ఆపేసినట్టు ఆగితే ముందు అనుమానించాల్సింది క్రాంక్ షాఫ్ట్ సెన్సర్‌ని. ఇంజిన్ ఎంత వేగంతో తిరుగుతోందో బండిలోని కంప్యూటర్‌కి చెప్పేది అదే. సెన్సర్ లోపలి వైరు వేడికి తెగినట్టయితే సిగ్నల్ ఆగుతుంది, ఇంజిన్ తిరగడం లేదనుకుని కంప్యూటర్ పెట్రోలూ స్పార్కూ ఆపేస్తుంది. 20, 30 నిమిషాలు చల్లారితే మళ్లీ అతుక్కుంటుంది. బండి ఇంకా దొర్లుతుండగానే ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారిగా సున్నాకి పడిపోతే అది మంచి ఆధారం. స్కానర్‌లో ఈ లోపాన్ని చెప్పే P0335 కోడ్ రావచ్చు, రాకపోనూవచ్చు. సెన్సర్‌తో పాటు దాని కప్లర్ (వైరు తగిలించే ప్లగ్) కూడా చూడమనండి. వదులైన కప్లర్ కూడా ఇదే పని చేస్తుంది.

ఆగేముందు పికప్ తగ్గి, దగ్గినట్టు జర్కులిచ్చి ఆగితే కథ వేరు, అది ఫ్యూయల్ పంపు వైపు చూపిస్తుంది. ట్యాంక్ సగానికంటే తగ్గాకే ఇలా అవుతుంటే అనుమానం ఇంకా బలపడుతుంది, ఎందుకంటే పంపుని చల్లగా ఉంచేది చుట్టూ ఉన్న పెట్రోలే. పంపు ప్రెషర్‌ని గేజ్ పెట్టి కొలవమని అడగండి. చెవి పెట్టి విని బాగానే ఉందనడం సరిపోదు.

కొత్త కార్లలో పంపు పోతుందా అని ఆశ్చర్యపోవద్దు. ఫ్యూయల్ పంపు లోపంతో మన దేశంలో పెద్ద రీకాల్సే జరిగాయి. 2020 జూలైలో మారుతి సుజుకి 1,34,885 వ్యాగన్‌ఆర్, బలెనో కార్లను వెనక్కి పిలిచింది. హోండా 2020 జూన్‌లో 65,651, 2021 ఏప్రిల్‌లో 77,954, 2024లో 92 వేలకు పైగా కార్లకు పంపులు ఉచితంగా మారుస్తామని ప్రకటించింది. పంపు లోపల పెట్రోలుని తోసే ఇంపెల్లర్ అనే చక్రంలో లోపం వల్ల ఇంజిన్ ఆగిపోవచ్చని హోండా చెప్పింది. కాబట్టి మెకానిక్ దగ్గరికి వెళ్లే ముందే ఆర్సీలో ఉన్న 17 అక్షరాల ఛాసిస్ నంబరుని కంపెనీ సైట్‌లో కొట్టి చూడండి. మీ బండికి రీకాల్ ఉంటే సగం పోరాటం అక్కడే తప్పుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు ఇది తప్పకుండా చూడాలి, ఎందుకంటే కబురు పాత యజమాని ఫోన్‌కే వెళ్లి ఉండొచ్చు.

స్పీడ్ బ్రేకర్ దగ్గర, ఏసీ వేసినప్పుడు ఆగుతోంది

స్లో రన్నింగ్, అంటే యాక్సిలరేటర్ నొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, సరిగ్గా నిలవడం లేదన్నమాట. సాధారణంగా ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీ అంచున మసి పేరుకుని ఉంటుంది, లేదా ఎయిర్ ఫిల్టర్ తర్వాతి పైపు వదులై కొలతకు రాని గాలి లోపలికి పోతుంటుంది. ఫిల్టర్ మార్చినప్పుడు క్లిప్పు సరిగా పెట్టకపోతే సర్వీస్ చేయించిన మర్నాటి నుంచే ఇది మొదలవుతుంది. థ్రాటిల్ శుభ్రం చేశాక స్కానర్‌తో ఐడిల్ రీలెర్న్ చేయించాలి, అంటే స్లో రన్నింగ్‌ని కంప్యూటర్‌కి మళ్లీ నేర్పించాలి. చాలాచోట్ల ఈ పని వదిలేస్తారు, బండి మళ్లీ ఆగుతుంది.

స్టార్ట్ అయి రెండు సెకన్లలో ఆగుతోంది

మీటర్‌లో తాళం బొమ్మ మిణుకుతోందేమో చూడండి. మిణుకుతుంటే, దొంగతనం జరగకుండా ఇంజిన్‌ని ఆపే ఇమ్మొబిలైజర్ తాళంలోని చిప్‌ని గుర్తించడం లేదన్నమాట. రెండో తాళంతో ప్రయత్నించండి, కీచైన్‌లో ఉన్న మిగతా తాళాలు వేరు చేయండి. పుష్ బటన్ బండి అయితే కీలో బ్యాటరీ మార్చండి.

లైట్లన్నీ ఆరిపోయి ఆగుతోంది

ఇంజిన్‌తో పాటు మీటర్ కూడా చీకటైతే ముందు చూడాల్సింది ఇంజిన్‌ని కాదు, కరెంటుని. బ్యాటరీ టెర్మినల్ చేత్తో కదిపితే కదలకూడదు. ఆపిన బండిలో 12.6 వోల్టుల దగ్గర, ఇంజిన్ నడుస్తుంటే సాధారణంగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. తర్వాత బాడీకి వెళ్లే ఎర్త్ వైరు చూడండి.

ఇక్కడ మన ఊళ్ల సమస్య ఒకటుంది: ఎలుకలు. అపార్ట్‌మెంట్ సెల్లార్లో నాలుగు రోజులు కదలని బండి బోనెట్‌లో దూరి వైర్లు కొరుకుతాయి. సగం కొరికిన వైరు గుంతల్లో పడినప్పుడే తెగుతుంది కాబట్టి లోపం దొరకదు. బోనెట్ తెరిచి పెంటికలు, గడ్డి, కొరికిన ఫోమ్ ఉన్నాయేమో చూడండి. రెండో అనుమానం, బయట షాపులో వైరు కోసి పెట్టించిన కెమెరా, అలారం, జీపీఎస్. అవి తీసేసి వారం నడిపి చూడండి. వాటి సాకుతోనే వారంటీ కాదనే ప్రమాదం కూడా ఉంది.

వానాకాలంలో ఆగితే

పెట్రోలు పోయించాక కొన్ని కిలోమీటర్లకే ఆగి, ఎంతసేపటికీ సర్దుకోకపోతే నీళ్లు కలిసి ఉండొచ్చు. ఇప్పుడు వస్తున్న పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. నీళ్లు తగిలితే ఇథనాల్ వాటితో కలిసి ట్యాంక్ అడుక్కి దిగుతుంది, పంపు లాగేది అడుగు నుంచే. సెల్ఫ్ కొడుతూ కూర్చోవద్దు. ట్యాంక్ ఖాళీ చేయించి, అడుగున ఉన్నది శుభ్రమైన గాజు సీసాలో పట్టి, బిల్లుతో సహా బంకులో, ఆయిల్ కంపెనీ దగ్గర ఫిర్యాదు చేయండి.

అండర్‌పాస్ నీళ్లలో ఆగితే మాత్రం ఒక్కసారి కూడా సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్‌లోకి నీళ్లు పోయి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అక్కడి నుంచి టోయింగే దారి.

డీజిల్, సీఎన్‌జీ

డీజిల్ బండి అయితే ఫిల్టర్‌లో చేరిన నీళ్లు తీయించండి. సీఎన్‌జీలోకి మారుతున్న క్షణంలో ఆగుతుంటే పెట్రోలు మీద ఒక రోజంతా నడిపి చూడండి. పెట్రోలు మీద బాగుంటే గ్యాస్ ఫిల్టర్, ఇంజెక్టర్లు చూడమనండి.

సర్వీస్ సెంటర్‌లో

"జనరల్ చెకప్" అని జాబ్ కార్డ్ రాయనివ్వొద్దు. "పెట్రోలు పోయించిన 5 నిమిషాల్లో, 20 స్పీడులో, ఇంజిన్ ఆగుతోంది, ఇది మూడోసారి" అని మీ మాటల్లోనే రాయించండి. చెక్ ఇంజిన్ లైట్ వెలిగి ఉంటే కోడ్ చెరిపేయకముందే ఫొటో తీయండి. కోడ్‌తో పాటు ఆ క్షణంలో ఆర్‌పీఎం, స్పీడు, ఇంజిన్ వేడి ఎంతో కంప్యూటర్ దాచుకుంటుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు, అది చూపించమని అడగండి. బ్యాటరీ తీసి పెడితే అది పోవచ్చు. టెక్నీషియన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, బండి ఏ పరిస్థితిలో ఆగుతోందో అదే పరిస్థితిలో నడిపి చూపించండి. నేను ట్యాంక్ దాదాపు ఖాళీ చేసుకుని వెళ్లి, అతణ్ని వెంటబెట్టుకునే బంకుకు వెళ్లాను. బండి బంకు గేటు దాటకముందే ఆగింది. అప్పటిదాకా నెలల తరబడి తెగని మాట ఆ పూటే తెగింది.

అయినా పట్టించుకోకపోతే కంపెనీకి ఈమెయిల్ రాయండి, ఫోన్ మాటలు లెక్కలోకి రావు. అమెరికాలో ఉన్నట్టు లోపమున్న కొత్త కారుకు ప్రత్యేక చట్టం మనకు లేదు, ఉన్నది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. కారుకి చెల్లించింది 50 లక్షల లోపైతే మీరు ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, సమస్య మొదలైన రెండేళ్లలోపు వేయాలి. ఫీజు 5 లక్షల దాకా లేదు, 10 నుంచి 20 లక్షల మధ్య కారుకి 400 రూపాయలు. ఏడేళ్లలోపు బండిలో భద్రతకు సంబంధించిన లోపమైతే కేంద్ర రవాణా శాఖ వాహన్ పోర్టల్‌లోనూ నమోదు చేయొచ్చు. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, తగినన్ని ఫిర్యాదులు వస్తే కేంద్రం రీకాల్‌కి ఆదేశించగలదు. వీటన్నిటికీ మొదట అడిగేది జాబ్ కార్డులే, అందుకే "లోపం కనబడలేదు" అని రాసిన కార్డులు కూడా ఒక్కటీ పారేయకండి.